అంబాసిడర్ ఇంజన్ మిస్సింగ్‌ని నీళ్ల సీసాతో పట్టేసిన షెడ్డు (కరకంబాడి రోడ్డు, తిరుపతి)

మా నాయన 1984లో కొన్న మార్క్ 4 అంబాసిడర్ మాది, పెట్రోల్ బండి, 1489 సీసీ. అమ్మేద్దాం అని ఎవరైనా నోరు జారితే మా అమ్మ రెండు రోజులు మాట్లాడదు, కాబట్టి అది మా దగ్గరే ఉంటుంది. పోయిన వేసవిలో దానికో జబ్బు పట్టుకుంది, మెకానిక్‌ల భాషలో మిస్సింగ్, అంటే కొన్ని సిలిండర్లలో పెట్రోలు సరిగ్గా మండకపోవడం. స్టార్ట్ అవుతుంది, కానీ సిగ్నల్ దగ్గర ఆగితే చాలు చలిజ్వరం వచ్చినట్టు బండి మొత్తం వణుకుతుంది, అద్దాలు గలగలమంటాయి, లీలామహల్ సర్కిల్ దగ్గర రెండుసార్లు పూర్తిగా ఆగిపోయి వెనక ఆటోల వాళ్లతో తిట్లు కూడా తిన్నాను. చిత్రమేంటంటే యాభై స్పీడు దాటిందంటే ఏ రోగమూ లేనట్టు పోతుంది.

ముందు వెళ్లింది ఊళ్లోనే ఒక పెద్ద షాపుకి, పేరెందుకులెండి. మొదటిసారి ప్లగ్గులు, వైర్లు, కండెన్సర్ మార్చారు. రెండోసారి కాయిల్ మార్చి కార్బురేటర్ విప్పి కడిగారు. రెండుసార్లకీ కలిపి 9,400 అయింది, వణుకు అలాగే ఉంది, పైగా మైలేజీ పదినుంచి ఏడుకి పడింది. మూడోసారి వెళ్తే "రింగులు పోయాయి సార్, ఇంజన్ దించి బోరుకి పంపాలి, అరవై వేలు చూసుకోండి" అన్నారు. పిస్టన్ రింగులు పోతే సిలిండర్లలో గాలి ఒత్తిడి, అదే కంప్రెషన్, పడిపోతుంది కదా, అది చూశారా అని అడిగితే "అవన్నీ ఎందుకు సార్, సౌండ్ వింటే తెలిసిపోతుంది" అని జవాబు. ఆ మాటకే నాకు అనుమానం వచ్చింది.

ఈ షెడ్డు సంగతి మా ఆఫీసులో చిత్తూరు నుంచి రోజూ వచ్చే ఒకాయన చెప్పాడు. కరకంబాడి రోడ్డు నుంచి లోపలికి వెళ్లే ఒక సందులో రేకుల షెడ్డు, బోర్డు లేదు, బయట చక్రాలు లేని ఒక ఫియట్ ఇటుకల మీద నిలబడి ఉంటుంది, అదే గుర్తు. ఇద్దరే ఉంటారు, ఒక పెద్దాయన, ఒక కుర్రాడు. అందరూ మేస్త్రీ అంటారు, నేనూ అదే అన్నాను. బానెట్ ఎత్తబోతే ఆపి, "ఆగు సామీ, ముందు చెప్పు, చల్లగా ఉన్నప్పుడా వేడెక్కినాకా, నిలబడి ఉన్నప్పుడా పోతున్నప్పుడా" అని పావుగంట ప్రశ్నలే. మూడు నెలల్లో నన్ను ఈ ప్రశ్నలు అడిగిన మొదటి మనిషి.

తర్వాత ఇంజన్ ఆన్‌లో పెట్టి ప్లగ్గు వైర్లు ఒక్కొక్కటే లాగాడు. ఒకటో, రెండో సిలిండర్ల వైర్లు లాగినప్పుడు ఇంజన్ దబ్బున కుంగింది. మూడు, నాలుగు లాగితే పెద్ద తేడా లేదు, అంటే ఆ రెండూ సరిగ్గా పని చేయడం లేదు. ప్లగ్గులు విప్పి వరసగా పేపర్ మీద పెట్టాడు, ఒకటి రెండు మసిపట్టి నల్లగా, మూడు నాలుగు సున్నం కొట్టినట్టు తెల్లగా. నల్లగా అంటే పెట్రోలు ఎక్కువ, తెల్లగా అంటే గాలి ఎక్కువ. ఒకే కార్బురేటర్, ఒకే ఇంజన్, సగం ఇలా సగం అలా ఎందుకుంటుంది?

పక్కపక్క సిలిండర్లు రెండూ దెబ్బతింటే సిలిండర్ల మీద మూతకి కింద ఉండే హెడ్ గాస్కెట్ ఆ రెంటి మధ్య కాలిపోయి ఉండొచ్చు, అందుకని ముందు కంప్రెషన్ చూశాడు. ఇంజన్ వేడిగా ఉండగానే నాలుగు ప్లగ్గులూ తీసేసి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కమని నన్ను కూర్చోబెట్టి గేజ్ పెట్టాడు. 115, 118, 112, 115. నాలుగూ దగ్గర దగ్గరగా ఉన్నాయి. "రింగులు పోయుంటే ఈ నంబర్లు వస్తాయా" అని గేజ్ నా మొహం ముందు పెట్టాడు. అరవై వేలు ఆ క్షణంలో మిగిలాయి.

అసలు కథ ఇక్కడే ఉంది. ఈ ఇంజన్‌లో ఒకటి, రెండు సిలిండర్లకి కలిపి ఒకే ఇన్‌లెట్ దారి, మూడు, నాలుగుకి కలిపి ఇంకొకటి. అంటే వెనక దారి దగ్గర, కార్బురేటర్ నుంచి ఇంజన్‌కి వెళ్లే గొట్టం (మానిఫోల్డ్) అతుకులోని గాస్కెట్ ఎక్కడో గాలి పీలిస్తే ఆ రెండు సిలిండర్లే పాడవుతాయి. ఇంజన్ కాస్త చల్లబడనిచ్చి, మళ్లీ స్టార్ట్ చేసి, సెలూన్లో జుట్టుకి కొట్టే నీళ్ల సీసా తెచ్చి మానిఫోల్డ్ అతుకుల మీద సన్నగా చల్లాడు. ముందు వైపు చల్లితే ఏమీ లేదు. వెనక వైపు చల్లగానే ఇంజన్ గుటక వేసినట్టు తడబడింది. ఇంకోసారి చల్లాడు, ఇంకోసారి తడబడింది, అంటే గాలి పీల్చే సందు అక్కడే, నీళ్లూ అందులోంచే పోతున్నాయి. యూట్యూబ్‌లో కార్బురేటర్ క్లీనర్ కొడతారు కదా అని నా తెలివి చూపించబోతే, "కిందనే ఎగ్జాస్ట్ ఉంది సామీ, అంటుకుంటే బండికి నువ్వు కొరివి పెట్టాల" అన్నాడు. నిజమే, ఈ బండికి ఇన్‌లెట్, ఎగ్జాస్ట్ రెండూ ఒకే పక్క ఉంటాయి.

స్పీడులో ఎందుకు బాగుంటుందో కూడా చెప్పాడు. ఐడ్లింగ్‌లో, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజన్ ఊరికే తిరుగుతున్నప్పుడు, కార్బురేటర్ దాదాపు మూసుకుని ఉంటుంది, లోపల పీల్పు గట్టిగా ఉంటుంది, అప్పుడు చిన్న సందులోంచి వచ్చే గాలే పెద్ద లెక్క. యాక్సిలరేటర్ తొక్కితే అసలు దారిలోంచే బోలెడు గాలి పోతుంది, ఈ దొంగగాలి అందులో కలిసిపోతుంది. మరి మైలేజీ? ముందు షాపు వాళ్లు వణుకు తగ్గించాలని కార్బురేటర్‌లో పెట్రోలు పెంచేశారట, దాంతో బాగున్న రెండు సిలిండర్లకీ మసి పట్టింది. రోగం ఒకచోట, మందు ఇంకోచోట.

విప్పి చూస్తే మానిఫోల్డ్ ముఖం కొంచెం వంగి ఉంది, ఇన్‌లెట్‌నీ ఎగ్జాస్ట్‌నీ కలిపి నొక్కిపట్టే పెద్ద వాషర్లలో ఒకటి మారిపోయి వేరే సైజుది ఉంది, ఎప్పుడో ఎవరో వేసింది. లేత్‌కి పంపి ముఖం చదును చేయించాడు. గాస్కెట్, వాషర్ చెన్నైలో బండ్ల సామాన్ల బజారు జీపీ రోడ్డు నుంచి తెప్పించాడు. 2014లో బెంగాల్ ఉత్తరపారా ఫ్యాక్టరీలో తయారీ ఆగిపోయినా ఈ బండికి సామాన్లు అక్కడ ఇంకా దొరుకుతున్నాయి. ప్లగ్గులకి నిప్పురవ్వ పంపే పాయింట్ల మధ్య గ్యాప్ 22 థౌ (అంగుళంలో వెయ్యో వంతు ఒక థౌ) ఉంటే 15కి తెచ్చాడు. పెట్రోలు పైపు మెత్తబడిందని అదీ మార్చాడు, ఇప్పుడు బంకుల్లో పోసేది 20 శాతం ఇథనాల్ పెట్రోలు కదా, పాత రబ్బరుకి అది పడదు. చివర్లో కార్బురేటర్ పిస్టన్‌ని కొంచెం పైకెత్తి, ఇంజన్ రేసు (తిరిగే వేగం) ఒక్క క్షణం పెరిగి మళ్లీ సర్దుకునేదాకా మిక్చర్ తిప్పుతూ కూర్చున్నాడు.

ఖర్చు: సామాన్లు 900, లేత్ 600, కూలి 2,500. మొత్తం 4,000. ఇంజన్ ఎంత నున్నగా తిరుగుతుందో చూపించడానికి రూపాయి నాణెం బానెట్ మీద నిలబెట్టే వీడియోలు తీయలేదు గానీ సిగ్నల్ దగ్గర ఇంజన్ ఆన్‌లో ఉందా లేదా అని ఒకసారి తాళం వైపు చూసుకున్నాను. ఆదివారం పీలేరు దాకా వెళ్లొచ్చాం, భాకరాపేట ఘాట్ మూడో గేర్లో కొంత, రెండో గేర్లో కొంత, ఎక్కడా దగ్గకుండా ఎక్కింది. వెనక సీట్లో అమ్మ నిద్రపోయింది. మైలేజీ మళ్లీ పది దగ్గరికి వచ్చింది.

ఐదు స్టార్లు మాత్రం ఇవ్వను. "రేపు" అన్నాడంటే నాలుగో రోజు అని అర్థం, బండి మొత్తం పదకొండు రోజులు అక్కడే ఉంది. ఫోన్ ఎత్తడు, నంబర్ ఎవరికీ ఇవ్వొద్దన్నాడు కాబట్టి కామెంట్లలో అడగకండి. బిల్లు లేదు, ఒక సిగరెట్ పెట్టె అట్ట మీద లెక్క రాసిచ్చాడు. కుర్రాడు గ్రీజు చేతులతో వెనక సీటు ముట్టుకున్నాడు, ఆ మరక ఇంకా పోలేదు. ఆఫీసు కారు ఉన్నవాళ్లు, సాయంత్రానికి బండి కావాలనేవాళ్లు వెళ్లొద్దు. స్కానర్ పెట్టి చూసే కొత్త బండ్లు ఆయన అసలు ముట్టుకోడు. పాత అంబాసిడర్, ఫియట్ ఉండి, ఇంకో వాహనం కూడా ఉంటే వెళ్లండి, పొద్దున పదిలోపు వెళ్తే ఖాళీగా దొరుకుతాడు.

నాలుగు స్టార్లు. కార్బురేటర్‌లో గాలి దారి తెరిచే కడ్డీ (థ్రాటిల్ షాఫ్ట్) కాస్త అరిగిందని, వచ్చే నెల బుష్‌లు వేద్దామని అన్నాడు. వచ్చే నెల అంటే ఆయన లెక్కలో ఎప్పుడో మరి, నేనైతే సంక్రాంతికి అనుకుంటున్నాను.