ఫౌజీకి ఏది మేలు: అద్దె ఇల్లా, లోను పెట్టి కొన్న ఇల్లా?

సెలవు మీద ఊరొచ్చిన జవానుకు చుట్టాలంతా చెప్పే సలహా ఒక్కటే: "సర్వీసులో ఉండగానే ఇల్లు కొనేయ్, బ్యాంకువాళ్లు పిలిచి లోనిస్తారు." ఇస్తారు, నిజమే. అది ఎప్పటిదాకా కట్టాలో ఎవరూ లెక్కేసి చెప్పరు.

విజయవాడలో 50 లక్షల ఫ్లాటు అనుకుందాం. 40 లక్షలు 8.5 శాతం వడ్డీకి 20 ఏళ్లకు తీసుకుంటే నెల వాయిదా సుమారు 34,700. మొదటి నెల అందులో 28,300 వడ్డీకే పోతుంది. రిజిస్ట్రేషన్ ఖర్చు అదనం. అదే ఫ్లాటు అద్దె చాలాచోట్ల ఆ వాయిదాలో సగం కూడా ఉండదు.

అసలు చిక్కు పెన్షన్ దగ్గర వస్తుంది. హవల్దారు నలభై దాటిన కొత్తలోనే ఇంటికొచ్చేస్తాడు. పెన్షన్ చివరి బేసిక్‌లో సగం. జీతం సగమైందని వాయిదా సగం కాదు. ముప్పై ఐదేళ్ల వయసులో ఇరవై ఏళ్ల లోను తీసుకున్నవాడు పిల్లల కాలేజీ ఫీజుల కాలంలో దాన్ని మోయాలి. కమ్యుటేషన్ డబ్బుతో (పెన్షన్‌లో కొంత వదులుకుని ఒకేసారి తీసుకునే మొత్తంతో) తీర్చేద్దామనుకుంటే, రెండో బతుకుతెరువుకు చేతిలో ఏమీ మిగలదు.

అద్దెవైపు చూస్తే, క్వార్టర్ దొరకనివాళ్లకు 2024 జనవరి నుంచి హెచ్‌ఆర్‌ఏ (ఇంటి అద్దె భత్యం) హైదరాబాదులో బేసిక్‌లో 30 శాతం, విజయవాడ, విశాఖల్లో 20, చిన్న ఊళ్లలో 10. చిన్న ఊళ్లలో అది అద్దెకు చాలదు, చేతినుంచి పడుతుంది. రెండు మూడేళ్లకోసారి సామాను సర్దుకోవడం, పిల్లల బడి మారడం ఇల్లాలికి పెద్ద కష్టం, దాన్ని రూపాయల్లో కట్టలేం. కానీ పోస్టింగ్ ఉన్న ఊళ్లో ఇల్లు కొన్నా ఆ కష్టం తప్పదు. పైగా తాళం వేసిన ఇంటి బెంగ తోడవుతుంది.

అగ్నివీరులైతే కొనే ఆలోచనే వద్దు. నాలుగేళ్ల సర్వీసు, పెన్షన్ లేదు, రెగ్యులర్‌గా ఉంచుకునేది నూటికి 25 మంది దాకానే. దిగిపోయేటప్పుడు ఒకేసారి చేతికొచ్చే సేవా నిధి, సుమారు 11.71 లక్షలు, చదువుకో, చిన్న వ్యాపారానికో పనికి రావాలి.

కొనడమే మేలయ్యే సందర్భమూ ఉంది. పెన్షన్‌కు నాలుగైదేళ్లే ఉండి, ఎక్కడ స్థిరపడాలో ఇంట్లో తేల్చుకుని, ఇప్పటికే అమ్మానాన్నలో, భార్యాపిల్లలో ఆ ఊళ్లో ఉంటే ఆగనక్కర్లేదు. ముందుగా 1978లో ఏర్పడిన ఏడబ్ల్యూహెచ్‌ఓ (ఆర్మీ వాళ్లకు ఇళ్లు కట్టించే సంస్థ) స్కీములు, ఏజీఐఎఫ్ (ఆర్మీ గ్రూప్ ఇన్సూరెన్స్ ఫండ్) ఇంటి లోను షరతులు కనుక్కుని, ఆ తర్వాతే బ్యాంకు గడప తొక్కండి. లోను పెన్షన్ నాటికి తీరిపోయేలా ఉండాలి.

ఇల్లు కాకుండా ఖాళీ ప్లాటు కొని ఉంచుదామంటారు కొందరు. లద్దాఖ్‌లో ఉన్నవాడికి ఊళ్లో హద్దురాళ్లు జరిగిన సంగతి నెలల తర్వాత తెలుస్తుంది. కొంటే కంచె వేసి, సెలవుకొచ్చిన ప్రతిసారీ ఈసీ (ఆ స్థలంపై జరిగిన రిజిస్ట్రేషన్లు, తాకట్లు చూపే పత్రం) తీయించుకోండి. రిజిస్ట్రేషన్‌కు మీరు రాలేకపోతే పవర్ ఆఫ్ అటార్నీ ఆ ఒక్క పనికే రాయండి, అమ్మే హక్కు అందులో పెట్టకండి. దస్తావేజులో మీ పేరు పక్కన భార్య పేరూ ఉండాలి.