ఇల్లు కొనే ముందు పర్మిట్లు చెక్ చేయించాను, బతికిపోయాను

ఇంటి కట్టడానికి అనుమతులు ఉన్నాయో లేదో తనిఖీ చేసే ఈ సర్వీసుకు నా రేటింగ్ నాలుగు స్టార్లు, రిపోర్టు రెండు రోజులు ఆలస్యమైంది కాబట్టి ఒకటి తగ్గించాను. అమ్మేవాళ్లు వంటగది మార్చి, పైన గది వేశామని చూపిస్తే మాకూ తెగ నచ్చేసింది. ఈ సర్వీసు వాళ్లు మాత్రం, అధికారులు ఆమోదించిన ఇంటి ప్లాన్ చేతిలో పట్టుకుని ప్రతి గదీ కొలిచి, పై గదికి అసలు అనుమతే లేదని, వంటగదిలో తీసేసిన గోడ పైకప్పు బరువు మోసేదని, బదులుగా దూలం వేసినట్టు ఒక్క కాగితమూ లేదని తేల్చారు. ఎంత టెన్షన్ పడ్డామో! అనుమతి లేని గదిని బ్యాంకు విలువలో లెక్కించకపోవచ్చు, బీమా క్లెయిమ్ చిక్కుల్లో పడొచ్చు, నోటీసు వస్తే కొన్నవాళ్ల నెత్తినే పడుతుంది. అమ్మేవాళ్లూ దయచేసి ముందే చూసుకోండి, గోడలు మూసేశాక వైరింగ్ తనిఖీ చేయాలంటే మళ్లీ పగలగొట్టాల్సి రావచ్చు. ఇప్పుడు మాకు ఇల్లు అమ్మేవాళ్లే అనుమతికి దరఖాస్తు పెట్టారు, అనుమతి చేతికొచ్చాకే మిగతా డబ్బు ఇస్తామన్నాం.