విండోస్ రికవరీ మెనూ: అయిదుకి నాలుగు, అదీ సిస్టమ్ రిస్టోర్ పుణ్యాన

కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించాక కంప్యూటర్ ఆన్ కాకుండా మొండికేస్తే, "ట్రబుల్‌షూట్" అని నీలిరంగు తెర ఒకటి వస్తుంది కదా, ఈ రివ్యూ దాని గురించే. విండోస్ 10లోనూ 11లోనూ ఉంటుంది, విడిగా కొనక్కర్లేదు. అయినా చాలామంది దాన్ని చూడగానే కంగారుపడి "రీసెట్" నొక్కేస్తారు. ఫైళ్లు ఉంచమని చెప్పినా రీసెట్‌లో మనం వేసుకున్న ప్రోగ్రాములన్నీ ఊడిపోతాయి. ఆ తొందర వద్దు.

ఆఫీసులో నా పని అకౌంట్స్. కానీ ఎవరి సిస్టమ్ మొరాయించినా నా టేబుల్ మీదికే వస్తుంది. ఈమధ్య పక్క సెక్షన్ మేడమ్ ల్యాప్‌టాప్ పట్టుకొచ్చారు. పాత యాంటీవైరస్ ఉండగానే దానిమీద ఇంకోటి ఇన్‌స్టాల్ చేశారట, రీస్టార్ట్ అడిగితే సరే అన్నారట. అంతే. లోగో వస్తుంది, కింద చుక్కలు గిరగిరా తిరుగుతాయి, తెర నల్లబడుతుంది, మళ్లీ లోగో. "రిపోర్టులన్నీ ఇందులోనే ఉన్నాయండీ, పోవు కదా?" అని ఆవిడ టెన్షన్.

విండోస్ వరసగా రెండుసార్లు మొదలవలేకపోతే ఈ మెనూ దానంతటదే రావాలి. రాకపోతే లోగో కనబడగానే పవర్ బటన్‌ను పది సెకన్లు నొక్కిపట్టి ఆపేయండి. రెండుసార్లు అలా ఆపితే తర్వాత ఆన్ చేసినప్పుడు వస్తుంది.

లోపల స్టార్టప్ రిపేర్ అని ఉంటుంది. పేరు చూసి అందరూ ముందు దాన్నే నొక్కుతారు. విండోస్ మొదలవడానికి కావలసిన ఫైళ్లు చెడిపోతే అది పనికొస్తుంది కానీ, కొత్తగా దిగిన డ్రైవరో (ప్రింటర్, వైఫై లాంటివాటిని నడిపే సాఫ్ట్‌వేర్) యాంటీవైరసో అడ్డుపడుతుంటే చాలాసార్లు దానికేమీ అంతుచిక్కదు. కాసేపు కూర్చోబెట్టి, చివరికి నావల్ల కాలేదంటుంది. ఒకసారి నడిపి చూడండి, నష్టమేం లేదు. అదే పనిగా నడపడం మాత్రం దండగ.

అసలు సరుకు సిస్టమ్ రిస్టోర్. 2000లో విండోస్ మిలీనియంతో వచ్చిన పాత పనిముట్టే. రిజిస్ట్రీ (విండోస్ తన సెట్టింగులు దాచుకునే చోటు), డ్రైవర్లు, సిస్టమ్ ఫైళ్లను ముందు తేదీకి వెనక్కి తీసుకెళ్తుంది, మన డాక్యుమెంట్ల జోలికి పోదు. అలా వెనక్కి వెళ్లడానికి ముందే తీసిపెట్టుకున్న నకళ్లే రిస్టోర్ పాయింట్లు. వాటి జాబితాలో తేదీ, సమయం, ఎందుకు తీసిందీ కనిపిస్తాయి. ఒకటి ఎంచుకున్నాక, ఏ ప్రోగ్రాముల మీద ప్రభావం పడుతుందో చూపించే బటన్ ఉంటుంది. దాన్ని వదిలేయకండి. పై గడిలో తీసేయబోయేవి, కింది గడిలో తిరిగి రాబోయేవి ఉంటాయి. మేడమ్ ల్యాప్‌టాప్‌లో పై గడిలో ఆ కొత్త యాంటీవైరస్ పేరు కనబడగానే నాకు సగం పని అయిపోయినట్టే అనిపించింది. మిగతా సగం ఓపిక. మధ్యలో ఆపకూడదు, పైగా ఈ మెనూ నుంచి చేసిన రిస్టోర్‌ను రద్దు చేసుకునే వీలు కూడా లేదు. అందుకే తేదీ చూసి మరీ నొక్కాలి.

డిస్క్‌కి బిట్‌లాకర్ (విండోస్ డిస్క్‌కి వేసే తాళం) ఉంటే 48 అంకెల కీ అడుగుతుంది. ఇక్కడే చాలామందికి చెమటలు పడతాయి. మేడమ్ ఫోన్‌లో ఆవిడ మైక్రోసాఫ్ట్ అకౌంట్ తెరిస్తే దొరికింది. అక్కడ ఒకటికి మించి కీలుంటే, తెర మీద చూపించే కీ ఐడీతో సరిపోల్చుకోండి.

ఇక తగ్గించిన ఒక్క మార్కు ఎందుకంటే, చాలా సిస్టముల్లో సిస్టమ్ ప్రొటెక్షన్, అంటే రిస్టోర్ పాయింట్లు తీసిపెట్టే ఏర్పాటు, అసలు ఆన్‌లోనే ఉండదు. అలాంటప్పుడు రిస్టోర్ పాయింట్లేవీ లేవంటుంది, రిస్టోర్‌తో మనం చేయగలిగిందేం లేదు. ఇంత మంచి సౌకర్యాన్ని కొన్ననాటి నుంచే ఆన్‌లో ఉంచితే ఏం పోయింది?

పాయింట్లు లేకపోతే స్టార్టప్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి, రీస్టార్ట్ అయ్యాక 4 నొక్కి సేఫ్ మోడ్ (తప్పనిసరి భాగాలతో మాత్రమే విండోస్ మొదలయ్యే పద్ధతి) పట్టుకుని, అడ్డుపడుతున్న ప్రోగ్రామును తీసేయాలి. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ కంపెనీ అప్‌డేట్‌తో సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు పడిపోయినప్పుడు కూడా, సేఫ్ మోడ్‌లోకి వెళ్లి చెడ్డ ఫైలు తీసేయడమే చాలాచోట్ల వైద్యం. చిక్కేమిటంటే, సేఫ్ మోడ్‌లో విండోస్ ఇన్‌స్టాలర్ సర్వీసు నడవదు కాబట్టి కొన్ని ప్రోగ్రాములు అన్‌ఇన్‌స్టాల్ కామని మొరాయిస్తాయి. అలాంటివాటికి తయారీదారులిచ్చే క్లీనప్ టూల్ వేరే సిస్టమ్‌లో దించి పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకోవాలి.

మేడమ్ ల్యాప్‌టాప్ లాగిన్ తెర దాకా వచ్చింది, రిపోర్టులు ఎక్కడివక్కడే ఉన్నాయి. రిస్టోర్‌తో పాత యాంటీవైరస్ కూడా వెనకటి తేదీకి వెళ్లిపోతుంది కాబట్టి, ముందు దాన్నీ విండోస్‌నూ అప్‌డేట్ చేసి, ఆ తర్వాతే మెయిల్ తెరవమన్నాను.