బరంపురంలో ఫ్లాట్ కొంటున్నారా? స్పీకర్ల సంగతి తేల్చుకున్నాకే బయానా ఇవ్వండి

ఒడిశాలోని బరంపురంలో కొత్త అపార్ట్‌మెంట్లు చూస్తున్న మన తెలుగువాళ్లందరికీ ఈ హెచ్చరిక. ముఖ్యంగా పెద్దవాళ్ల వైద్యం కోసమో, పిల్లల చదువు కోసమో ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట వైపు నుంచి వచ్చి ఇక్కడ ఇల్లు కొనాలనుకుంటున్నవాళ్లు ఇది చదివాక నిర్ణయించుకోండి.

మేం కొన్న చోట లిఫ్టులో, ప్రతి అంతస్తు వరండాలో, కింద అందరూ కూర్చునే బెంచీల పైన స్పీకర్లున్నాయి. పొద్దున్నే మొదలై రాత్రి పదింటిదాకా పాటలే. అవే పాటలు, అదే వరుసలో. తలుపులు వేసుకున్నా సన్నగా లోపలికి వస్తూనే ఉంటాయి. ఆపే స్విచ్ మెయింటెనెన్స్ ఆఫీసులో ఉంటుంది, ఆ గదికి తాళం. బ్రోచర్‌లో రాసింది మాత్రం ‘ప్రశాంతమైన వాతావరణం’. మాకు ఫ్లాట్ చూపించిననాటికి ఈ స్పీకర్లు లేవు, మేం చేరిన కొన్నాళ్లకు బిగించారు.

రాత్రి డ్యూటీ చేసి పగలు పడుకునేవాళ్లకు, పరీక్షలకు చదివే పిల్లలకు ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. అందరికంటే ఎక్కువ నష్టపోయింది పెద్దవాళ్లు. మా అమ్మ చెవి మిషను పెట్టుకుంటుంది. మిషను ఎదుటి మనిషి మాటతో పాటు పైనున్న పాటనూ పెద్దది చేస్తుంది. వినికిడి బాగున్నవాళ్లు పాటను పట్టించుకోకుండా మాటను పట్టుకోగలరు, వినికిడి తగ్గినవాళ్లకు కష్టమయ్యేది సరిగ్గా అదే. స్పీకర్లు రాకముందు తెలుగు, ఒడియా ముసలమ్మలు సాయంత్రాలు ఆ బెంచీల మీద చేరి, సగం ఆ భాషలో సగం ఈ భాషలో కబుర్లాడుకునేవారు. తర్వాత ప్రతి మాటకీ ‘ఏటీ, ఏటీ’ అని అడగడం, ఒకరి మీద ఒకరు గొంతు పెంచడం మొదలైంది. చుట్టూ చప్పుడుంటే మనకు తెలియకుండానే గొంతు పెరుగుతుంది. దీన్ని లాంబార్డ్ ఎఫెక్ట్ అంటారు. చివరికి ఒక్కొక్కరే రావడం మానేశారు. ‘మనిషి మాట వినపడని కాడ కూకోడానికి నేనెందుకు బాబూ దిగడం’ అంది అమ్మ. నాకు డబ్బు కంటే ఎక్కువ బాధ కలిగించింది ఈ మాటే.

నాకు పాటలంటే పడదని అనుకోకండి. రెండేళ్లకోసారి ఇక్కడి అమ్మవారి జాతర ఠాకురాణీ యాత్ర వస్తే ఊరంతా డప్పులు మోగుతాయి, మేమూ వెళ్తాం. ఆ మోతకు ఒక కారణం ఉంది, ఒక ముగింపు ఉంది. లిఫ్టులో మోగే పాటను ఎవరూ అడగలేదు, ఎవరూ వినడం లేదు కూడా.

దుకాణాల్లో ఇలాంటి సంగీతం పెట్టడానికి ఒక లెక్క ఉంది. 1982లో అమెరికాలో రొనాల్డ్ మిల్లిమన్ అనే పరిశోధకుడు ఒక సూపర్ మార్కెట్లో పరిశీలిస్తే, వేగంగా సాగే సంగీతం పెట్టిన రోజుల కంటే నెమ్మదైన సంగీతం పెట్టిన రోజుల్లో అమ్మకాలు 38 శాతం ఎక్కువగా ఉన్నాయి. జనం మెల్లగా నడిచి ఎక్కువ కొన్నారు. సరే, అది అంగడి. మన ఇంటి వరండాలో మనకేం అమ్మాలని? పెద్ద దుకాణాలే వెనక్కి తగ్గిన సందర్భాలున్నాయి. బ్రిటన్‌లో మార్క్స్ అండ్ స్పెన్సర్ కొనుగోలుదారుల అభిప్రాయాలు విని 2016లో తన షాపుల్లో పాటలు ఆపేసింది.

బిల్డర్ మనుషులను అడిగితే ‘మీరొక్కరే అంటున్నారు సార్, మిగతావాళ్లకు ఇబ్బంది లేదు’ అన్నారు. మా అంతస్తులోనే చాలామంది సంతకాలు పెట్టి ఇచ్చాం. జవాబు లేదు. మెయింటెనెన్స్ బిల్లు మాత్రం నెలనెలా టైముకి వస్తోంది.

చట్టం చూసుకుంటుందిలే అనుకోవద్దు. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ పరిమితి. రాత్రంటే పది నుంచి ఉదయం ఆరు వరకు. పక్కన ఫంక్షన్ హాల్ మోత పెడితే ఈ నియమం పనికొస్తుంది. సన్నగా రోజంతా మోగే పాట ఆ పరిమితి దాటకపోవచ్చు. అందుకే మన రక్షణ అగ్రిమెంట్లోనే ఉండాలి. ‘లిఫ్టు, వరండా, ఉమ్మడి స్థలాల్లో నివాసుల సంఘం ఒప్పుకోకుండా స్పీకర్లు పెట్టకూడదు’ అని ఒక్క వాక్యం రాయించండి. పగలొకసారి, సాయంత్రం ఏడు తర్వాత ఒకసారి వెళ్లి, సేల్స్ మనిషి పక్కన లేకుండా వరండాలో కాసేపు నిలబడండి. అదే బిల్డర్ ఇదివరకు కట్టిన అపార్ట్‌మెంట్‌కి వెళ్లి అక్కడున్నవాళ్లను అడిగితే ఇంకా మంచిది.

రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టం 13వ సెక్షన్ ప్రకారం అమ్మకం అగ్రిమెంట్ రాసి రిజిస్టర్ చేయకముందు ధరలో 10 శాతానికి మించి తీసుకోకూడదు. ప్రకటనలోనో బ్రోచర్‌లోనో ఉన్న తప్పుడు మాట నమ్మి డబ్బు కట్టి నష్టపోతే 12వ సెక్షన్ కింద పరిహారం అడగొచ్చు, ఒప్పందం వదులుకుంటే వడ్డీతో వాపసు అడగొచ్చు. కాబట్టి బ్రోచర్ పారేయకండి. ఆంధ్ర నుంచి వచ్చేవాళ్లు ఒకటి గుర్తుంచుకోండి: ఇక్కడి ప్రాజెక్టుల మీద ఫిర్యాదు ఆ చట్టం కింద ఏర్పడ్డ ఒడిశా రెరా సంస్థకే వెళ్లాలి. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 దేశమంతటికీ ఒకటే.

అగ్రిమెంట్ నకలు ముందే పంపమనండి. బయానా కట్టాక చూపిస్తామంటే కట్టొద్దు.