పాత ఔట్‌బోర్డ్ మోటారు: బ్యాటరీ తప్పెంత, మాగ్నెటో తప్పెంత

పాయింట్ల మాగ్నెటో, కరెంటు స్టార్టర్ రెండూ ఉన్న 1960ల నాటి రెండు సిలిండర్ల మోటారు ఇది, పడవ వెనక బిగించే రకం. మాగ్నెటో అంటే ఫ్లైవీల్ తిరుగుతుంటే స్పార్క్‌కు కరెంటు పుట్టించేది, పాయింట్లు అంటే ఆ కరెంటును సరైన క్షణంలో తెంపి స్పార్క్ రప్పించే చిన్న స్విచ్. ఏళ్ల తరబడి వాడాక తేలిందేమిటంటే, ఇంజిన్ మొండిది, స్టార్టర్ వైరింగ్ అంతంత మాత్రం, ఇగ్నిషన్ మాత్రం కనిపెట్టుకుని ఉంటేనే మాట వింటుంది.

మోటారు అంటుకోకపోతే అందరి కన్నూ ముందు బ్యాటరీ మీదే పడుతుంది. నిజానికి ఈ రకంలో స్పార్క్‌కు బ్యాటరీతో పనిలేదు. ఫ్లైవీల్‌లోని అయస్కాంతమే కరెంటు పుట్టిస్తుంది. బ్యాటరీ నీరసిస్తే ఫ్లైవీల్ నెమ్మదిగా తిరిగి స్పార్క్ పలచబడుతుంది, అంతే. కాబట్టి చేత్తో స్టార్ట్ చేసే తాడు లాగి చూడండి. దాంతో అంటుకుంటే మాగ్నెటో జోలికి పోకుండా కేబుళ్లు చూడాలి. స్టార్టర్ తిరుగుతుండగా బ్యాటరీ ప్లస్‌కీ స్టార్టర్ బోల్టుకీ మధ్య మల్టీమీటర్ అర వోల్టుకు మించి చూపిస్తే ఎక్కడో తుప్పు గానీ వదులు గానీ ఉన్నట్టే. ఎర్త్ వైపూ ఇదే పరీక్ష. వింగ్ నట్లు అదురుకు వదులవుతాయి, మామూలు నట్టు, స్ప్రింగ్ వాషరే నయం. ఛార్జి నిండిన బ్యాటరీ విశ్రాంతిలో 12.6 వోల్టులు చూపాలి, 12.2కు దిగితే సగమే మిగిలినట్టు.

తాడుతోనూ అంటుకోకపోతే ప్లగ్గు వైరుకు స్పార్క్ టెస్టర్ పెట్టండి. స్పార్క్ దానిలోని 6 మిల్లీమీటర్ల ఖాళీని నీలంగా దూకాలి. ప్లగ్గు తీసి బ్లాకుకు ఆనించి చూసేది సరైన పరీక్ష కాదు: బయటి గాలిలో దూకిన స్పార్క్ సిలిండర్ లోపలి ఒత్తిడిలో (కంప్రెషన్‌లో) దూకకపోవచ్చు. అసలు స్పార్కే లేకపోతే స్విచ్‌కు పోయే కిల్ వైరు (ఇంజిన్ ఆపే వైరు) విప్పి మళ్లీ చూడండి. వస్తే తప్పు స్విచ్‌దో వైరుదో. (అప్పుడు ఇంజిన్ ఆపడానికి చోక్ మూయాలి.) స్విచ్ మార్చేటప్పుడు మాగ్నెటో స్విచ్చే వేయాలి. అది ఆఫ్‌లో కాయిల్‌ను (మాగ్నెటోలోని తీగచుట్టను) ఎర్త్ చేస్తుంది. కారు స్విచ్ ఆన్‌లో 12 వోల్టులు పంపుతుంది, అవి మాగ్నెటోలోకి పోతే కాయిల్, పాయింట్లు కాలిపోతాయి.

అప్పటికీ రాకపోతే ఫ్లైవీల్ విప్పక తప్పదు. ఫ్లైవీల్‌ను ఊడలాగే పుల్లర్ బోల్టులు దాని మధ్యలోని మూడు రంధ్రాల్లోకే బిగించాలి. అంచు పట్టి లాగితే ఫ్లైవీల్ వంగుతుంది. చాలాకాలం కదలని మోటారులో పాయింట్ల మీద సన్నని పొర కడుతుంది. కంటికి మెరుస్తున్నా కరెంటు పోదు. 400 నంబరు ఎమరీతో తేలిగ్గా రుద్ది, క్లీనర్‌లో తడిపిన అట్టముక్కను మధ్యలో లాగితే చాలు. పాయింట్ల మధ్య గ్యాప్, వాటిని తెరిచే క్యామ్ ఎత్తైన చోట, జాన్సన్, ఎవిన్‌రూడ్ కంపెనీల చిన్న మోటార్లలో 0.020 అంగుళం. కొత్త కాయిల్ బిగిస్తే దాని మడమలు (ఇనుప కోర్ చివర్లు) ప్లేటు మీది చెక్కుడు అంచులకు సమంగా ఉండాలి, బయటికొస్తే అయస్కాంతాలకు రాసుకుంటాయి.

చల్లగా బాగా నడిచి, వేడెక్కాక ఆగి, చల్లారాక మళ్లీ అంటుకునే జబ్బు అన్నిటికన్నా విసుగు పుట్టించేది. ఓమ్‌మీటర్ దాన్ని పట్టదు, కాయిల్ ఇన్సులేషన్ వేడిలోనే లీకవుతుంది. ఆగిన క్షణంలోనే టెస్టర్ పెట్టాలి. స్పార్క్ ఉంటే కాయిల్ మార్చకుండా ముందు పెట్రోల్ ట్యాంకు మూత మీది గాలి స్క్రూ తెరిచి ఉందో లేదో చూడండి, మూసి ఉంటే పెట్రోల్ అందదు.