సీఎక్స్ఎఫ్ మెసేజ్ లాగింగ్: కొన్నేళ్లు వాడాక

జావాలో వెబ్ సర్వీసులు రాసే ఫ్రేమ్‌వర్క్ అపాచీ సీఎక్స్ఎఫ్‌లో మెసేజ్ లాగింగ్ (వచ్చే, పోయే మెసేజ్‌లను లాగ్‌లో రాయడం) ఆన్ చేయడానికి రెండు నిమిషాలు చాలు. ప్రొడక్షన్‌లో టెన్షన్ లేకుండా వదిలేసేలా సెట్ చేయడానికే టైమ్ పడుతుంది. బెంగళూరు బెల్లందూరులో మా టీమ్ చూసుకునే ఇన్సూరెన్స్ సోప్ (ఎక్స్ఎంఎల్ మెసేజ్‌లతో మాట్లాడుకునే పాత పద్ధతి) సర్వీసుల్లో చాలాకాలంగా ఇదే నడుస్తోంది. (సోప్ ఇంకా బతికే ఉందా అని నవ్వే కుర్రాళ్లకు: ఉంది, మీ పాలసీ రెన్యువల్ దాని మీదే నడుస్తుండొచ్చు.)

3.1 వెర్షన్ నుంచి లాగింగ్‌కి విడిగా ఒక మాడ్యూల్ ఇచ్చారు. 3 సిరీస్‌లో పాత క్లాసు పేరూ లాగింగ్‌ఫీచరే, కొత్తదాని పేరూ అదే. ఎక్స్ట్ అన్న ప్యాకేజీలో ఉన్నదే తీసుకోండి.

నాకు బాగా నచ్చింది ఎక్స్‌ఛేంజ్ ఐడీ. రిక్వెస్ట్‌కీ దాని రెస్పాన్స్‌కీ ఒకే ఐడీ పడుతుంది కాబట్టి, వంద థ్రెడ్ల లాగ్ కలగాపులగంగా ఉన్నా గ్రెప్ (లైన్లవారీగా టెక్స్ట్ వెతికే కమాండ్) కొడితే జత దొరుకుతుంది. అవతలి టీమ్ "మీ రిక్వెస్టే మాకు రాలేదండీ" అన్నప్పుడల్లా వాళ్లు పంపిన రెస్పాన్సే తీసి చూపించాం. అయితే మన సర్వీసు లోపలి నుంచి ఇంకో సర్వీసుని పిలిస్తే ఆ కాల్‌కి వేరే ఐడీ వస్తుంది. ఆ రెండింటినీ కలపడానికి మన సొంత ఐడీ ఒకటి ఎండీసీలో (లాగ్ లైన్లకు అదనపు సమాచారం తగిలించే సదుపాయం) పెట్టుకోక తప్పదు.

ఇక లిమిట్. డిఫాల్ట్‌గా 48 కేబీ దాటితే మెసేజ్ కత్తిరించేస్తుంది. మా క్లెయిమ్ రిక్వెస్టుల్లో స్కాన్ చేసిన పీడీఎఫ్ బేస్64గా (బైనరీని అక్షరాలుగా మార్చే పద్ధతి) ఎక్స్ఎంఎల్ మధ్యలోనే వస్తుంది. బైనరీ లాగింగ్ ఆఫ్‌లోనే ఉంటుంది కదా అనుకోకండి, అది కంటెంట్ టైప్ చూసి తేల్చుకుంటుంది. ఈ పీడీఎఫ్ దాని కంటికి మామూలు టెక్స్టే. లాగంతా పీడీఎఫ్ చెత్తే ఉంటుంది, మనకు కావాల్సిన ఫీల్డులు తెగిపోతాయి. -1 పెడితే లిమిట్ ఎత్తేయొచ్చు కానీ డిస్క్ ఊరుకోదు. ఆ ఒక్క సర్వీసుకే లిమిట్ పెంచి, మిగతావి కదిలించకపోవడమే మాకు కుదిరింది.

ఎలిమెంట్ పేర్లు ఇస్తే వాటి విలువల చోట ఎక్స్ఎక్స్ఎక్స్ వేసే సదుపాయం కూడా ఉంది. పాస్‌వర్డ్, పాన్, ఆధార్ ఎలిమెంట్లన్నీ అందులో పెట్టాం. అది పేరును మాత్రమే చూస్తుంది. బ్రాంచిలో ఎవరో రిమార్క్స్ ఫీల్డులో ఆధార్ నంబర్ కొడితే అది యథాతథంగా లాగ్‌లోకి వెళ్లిపోతుంది. అందుకే రిమార్క్స్ పూర్తిగా మాస్క్ చేశాం. సపోర్ట్ వాళ్లు ఇప్పటికీ సణుగుతూనే ఉన్నారు.

ఒక్కో సర్వీసుకు విడి లాగర్ పేరు ఉంటుంది కాబట్టి గోల చేసేదాన్ని వార్న్ లెవెల్‌కి (హెచ్చరికలు, అంతకన్నా పెద్దవి మాత్రమే రాసేది) మారిస్తే మెసేజ్‌లు ఆగిపోతాయి, మిగతావి ఇన్ఫోలోనే ఉంచుకోవచ్చు. ప్రెట్టీ లాగింగ్ (ఎక్స్ఎంఎల్‌ని చదవడానికి వీలుగా లైన్లుగా విడదీసి రాయడం) మాత్రం టెస్ట్ సర్వర్లకే. ప్రొడక్షన్‌లో ఒక్కో మెసేజ్ వందల లైన్లుగా విడిపోతే గ్రెప్‌కి ఏమీ చిక్కదు.