తమ్ముడో చెల్లో పుట్టే ముందు పెద్ద బిడ్డకు కొనే పాపాయి బొమ్మ: ఏది మేలు, ఏది దండగ

ఇలాంటి బొమ్మలు ముఖ్యంగా మూడు రకాలు దొరుకుతాయి: గుడ్డ ఒంటికి ప్లాస్టిక్ తల ఉన్నవి, నీళ్లు తాగి డైపర్ తడిపేవి, బ్యాటరీతో ఏడ్చేవి. రెండు మూడేళ్ల పిల్లలకైతే మొదటి రకమే కొనండి.

పొడవు 30 నుంచి 35 సెంటీమీటర్లుంటే చాలు. పుట్టిన బిడ్డంత, అంటే 50 సెంటీమీటర్ల బొమ్మను మోయలేక కాలు పట్టుకుని ఈడుస్తారు. ఎత్తితే తల వెనక్కి వాలుతోందా అని చూసి మరీ తీసుకోండి. మెడ కింద చెయ్యి పెట్టి ఎత్తుకోవడం దాని మీదే నేర్పాలి, బిగుసుకున్న మెడతో ఆ పని కుదరదు. డైపర్‌కు వెల్‌క్రో ఉండాలి. ప్రెస్ బటన్లు ఆ చిన్న వేళ్లకు లొంగవు, విసుగొచ్చి బొమ్మను గిరాటేస్తారు.

నీళ్లు తాగే బొమ్మలో నోటి నుంచి డైపర్ దాకా ఒక గొట్టం ఉంటుంది. ఆడాక ప్రతిసారీ పిండి, నీరంతా కారేలా ఆరబెట్టకపోతే లోపల బూజు పడుతుంది. పాలు పోస్తే ఇక కంపే.

ఏడ్చే బొమ్మ వద్దు. పసిబిడ్డ ఏడుపే పెద్ద బిడ్డకు కష్టంగా ఉన్న రోజుల్లో ఇంకో ఏడుపు ఎందుకు? పైగా కొన్నింటిలో బిళ్ల బ్యాటరీలుంటాయి. బిళ్ల గొంతులో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే అన్నవాహిక కాలిపోవచ్చు, మింగారన్న అనుమానం వచ్చినా వెంటనే ఆస్పత్రికి పరుగెత్తాల్సిందే. ఇప్పటికే కొనేసి ఉంటే బ్యాటరీ మూతకు స్క్రూ ఉందో లేదో ఈ పూటే చూడండి, లేకపోతే పారేయండి. బొమ్మ పాలపీకలో అయస్కాంతం ఉంటే అదీ పారేయండి.

కాన్పుకు నెల ముందు ఇస్తే చేతికి అలవాటవుతుంది. బొమ్మ బాగా పనికొచ్చేది పాలిచ్చే వేళ. అమ్మ రెండు చేతులూ ఖాళీ లేనప్పుడే పెద్ద బిడ్డ పేచీ మొదలవుతుంది. అమ్మ కూర్చునే చోటే ఒక బుట్టలో బొమ్మ, రెండు డైపర్లు, చిన్న తువ్వాలు పెట్టి ఉంచండి. "నీ పాపకు ఆకలేస్తోందేమో చూడమ్మా" అంటే చాలు, వచ్చి పక్కన కూర్చుంటుంది. ఇష్టపడకపోతే వదిలేయండి, బలవంతం పెట్టవద్దు.

బొమ్మను కొట్టినా తిట్టకండి. "పాప ఏడుస్తుంటే కోపమొస్తోందా?" అని అడిగి, చెప్పేది వినండి. మళ్లీ పక్క తడపడం, పాలసీసా అడగడం లాంటివి ఏ బొమ్మా ఆపలేదు. వాటికి రోజూ ఓ పది నిమిషాలు అమ్మ తనతో మాత్రమే గడపాలి.

ఒక ప్రమాదం మాత్రం బొమ్మ వల్లే వస్తుంది. బొమ్మను ఎత్తగలిగిన పిల్లలు అసలు బిడ్డనూ ఎత్తబోతారు. పెద్ద బిడ్డ కింద కూర్చున్నప్పుడే, పెద్దవాళ్ల చెయ్యి కింద ఉండగానే పసిబిడ్డను ఒళ్లో పెట్టాలి. ఇద్దరినీ ఒంటరిగా వదలకూడదు. చిన్నది పాకడం మొదలుపెట్టేలోగా బొమ్మ సీసా మూత, పాలపీక తీసేయండి, అవి నేరుగా నోట్లోకి పోతాయి.